జాలుబండ మీద నీళ్ళు

జూలై 20, ఆదివారం. సాయంత్రం 6

ఈ డైరీ జనవరిలో లారీ ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు ఇచ్చారు. ఆరు నెలలుగా షాపులో కౌంటర్ కింద పడి ఉంది. ఇవాళ మొదటిసారి తెరుస్తున్నాను. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు, అందుకు.

బోనాల పండగని కూతురు స్రవ్య వచ్చింది, ఆరేళ్ళ శ్రీహితను తీసుకుని. వియ్యంకులను కూడా భోజనానికి పిలిచాం. అందరం వరసగా కూర్చున్నాం. మా ఆవిడ నాగమణి వడ్డిస్తూ మనవరాలికి తన ఊరి ముచ్చట చెప్తోంది. నేను నీ అంత ఉన్నప్పుడు మా గుట్ట మీదికెల్లి నీళ్ళు దుంకుతుండె బిడ్డా, ఆ నీళ్ళ ఎనుక కూసోని మక్కకంకులు తింటుంటిమి అని.

శ్రీహిత చప్పట్లు కొట్టి, అమ్మమ్మ జాలుబండ చెప్తుంది అని అరిచింది.

అందరూ ఘొల్లున నవ్వారు. వియ్యంకుడికి అర్థం కాలేదు, అదేంటి బావగారూ అని అడిగాడు. నేను చెప్పాను. నా నోరు ఊరుకుంటుందా?

ఇక్కడ కూడా రాస్తాను. నాగమణిది వికారాబాద్ అవతల గుట్టల కింద ఊరు. ఆ గుట్ట మీద జాలుబండ అని ఒక రాయి ఉంది. పెళ్ళయిన కొత్తలో, దాని మీంచి జలపాతం పడుతుందని మురిసిపోతూ చెప్పింది. మే నెలలో చూపించింది కూడా. ఎండలో గంట నడిపించింది. తీరా చూస్తే నల్లటి బండ, దాని నీడలో రెండు మేకలు. అంతే. హైదరాబాద్ వచ్చి అందరికీ చెప్పాను. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు కోతలు కోసినా 'జాలుబండ' అంటాం. కొడుకు వివేక్ లేటుగా వచ్చి ట్రాఫిక్ అంటే, జాలుబండ. స్రవ్య చదివాను అంటే, జాలుబండ. ముప్పై నాలుగేళ్ళ జోకు.

నాగమణి గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. వియ్యపురాలు వెళ్ళి పిలిస్తే తలనొప్పి అన్నదట.

జూలై 21, సోమవారం

పొద్దున ఒక్కసారి మాట్లాడింది. ఇన్నేండ్లు మీరు నవ్విండ్రు, పోనీలే అనుకున్న, ఇప్పుడు నా మనుమరాలికి గూడ నేను అబద్ధాలదాన్నే అయిన, ఇగ మా ఊరి ముచ్చట నా నోట్లకెల్లి రాదు అన్నది.

జోకును జోకులా తీసుకోవాలి కదా అన్నాను. వెళ్ళిపోయింది.

జూలై 22, మంగళవారం

మాట లేదు. టీ గ్లాసు టేబుల్ మీద పెట్టే చప్పుడు ఒక్కటే.

జూలై 24, గురువారం. మధ్యాహ్నం, షాపులో

బేరం లేదు. రాస్తున్నాను.

నిజం రాసుకుంటే, ఆ బండను నేను ఎండాకాలంలోనే చూశాను. వానాకాలంలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళే వీలు లేదు. మాది ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్. లోకమంతా వానొస్తే పండగ చేసుకుంటుంది, మాకు గుండె దడ. ఒక్క బస్తా తడిస్తే పక్క బస్తాకు బూజు అంటుతుంది. మా బాపు ఒక శ్రావణమాసం బంధువుల పెళ్ళికి పోయాడు. తిరిగొచ్చేసరికి గోదాము కారింది. గల్లీ అంతా నెల రోజులు కంపు. ఆ రోజు బాపు ఒట్టు పెట్టాడు. మృగశిర నుంచి దసరా దాకా సేటు గద్దె దిగొద్దు. ఆయన పోయాక ఆ గద్దె మీద నేను కూర్చున్నాను. నేనూ దిగలేదు.

స్రవ్య ఆగస్టులో పుట్టింది, వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో. దసరా అయ్యాక వెళ్ళి చూశాను. అప్పటికి పిల్ల నవ్వడం కూడా నేర్చింది.

అప్పుడు తప్పు అనిపించలేదు. అది రాయాలి.

జూలై 27, ఆదివారం

నాగమణిని అడిగాను, మీ జాలుబండకు పోదామా అని. నాకు ఎవ్వలికీ సూపియ్యాల్సిన అవసరం లేదు అన్నది. తర్వాత ఆగి, మీరు వానల గద్దె దిగుతరా అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వివేక్ ఫోన్‌లో వెతికాడు. అనంతగిరి గుట్టల్లో ట్రెకింగ్ దారులు చాలా ఉన్నాయి, ఫొటోలు కూడా. జాలుబండ మాత్రం లేదు. మ్యాప్‌లనే లేదు బాపు, లైట్ తీస్కో అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. మ్యాప్ కంటే ముందు నుంచి ఉంది రా ఆ బండ, అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. వాడు వింతగా చూశాడు.

జూలై 30, బుధవారం

నాగమణి చిన్నాయన కొడుకు కృష్ణయ్యకు ఫోన్ చేశాను. ఆ ఊళ్ళోనే కిరాణా కొట్టు. బావా మీరా, గీ వానాకాలంల మీరు ఫోన్ జేసుడేంది, అంతా మంచేనా అని కంగారు పడ్డాడు. జాలుబండ సంగతి అడిగాను. జూలై మొదట్లో వాగు వచ్చింది, ఇప్పుడు ఎనిమిది రోజుల సంది సుక్క లేదు, ఆ నీళ్ళు వాన ఉంటే ఉంటయ్ లేకుంటే లేవు అన్నాడు. పైగా గుట్ట మీద నాలుగేళ్ళ కింద చెక్‌డ్యామ్ కట్టారట. నీళ్ళు బండ దాకా దిగుతున్నాయో లేదో తనకు తెలియదు, పైకెక్కి పదేళ్ళయింది అన్నాడు.

ఫోన్ పెట్టేశాక గద్దె మీద ఊరికే కూర్చున్నాను. ఒకవేళ నిజంగా ఉండి, ఆ డ్యామ్ వల్ల ఆగిపోయి ఉంటే? నేను చూడకుండానే పోతే, ఆమె మాట ఎప్పటికీ అబద్ధంగానే ఉండిపోతుంది. దిద్దే దారి ఇంకొకటి లేదు.

ఆగస్టు 3, ఆదివారం

రోజూ పొద్దున షాపు తెరవగానే ఒక మిర్చి తీసి విరుస్తాను. ముప్పై అయిదేళ్ళ అలవాటు. టప్ మని విరిగితే గాలిలో తేమ లేదు. మెత్తగా వంగితే వాన దగ్గర్లో ఉంది, టార్పాలిన్లు దించాలి. వాతావరణ శాఖ కంటే నా మిర్చే నయం.

ఇవాళ టప్ మని విరిగింది. గింజలు గలగలమన్నాయి. గుమాస్తా పెంటయ్య దేవుడికి దండం పెట్టుకుని, మస్తు పొడిగున్నది సేటు, ఫికర్ లేదు అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది.

ఉస్మాన్‌గంజ్‌లో వాన కోసం ఎదురుచూస్తున్న మిర్చి సేటును నేనొక్కడినే అయి ఉంటాను.

ఆగస్టు 6, బుధవారం

ఎండ.

ఆగస్టు 10, ఆదివారం. పొద్దున 8

వంగింది!

మిర్చి రెండు కొసలు కలిపినా విరగలేదు. ఇంకొకటి తీశాను. అదీ వంగింది. పెంటయ్యను కేకేసి చూపించాను. వాడు పరుగెత్తి టార్పాలిన్లు దించడం మొదలుపెట్టాడు. అరగంటలో వాన దంచింది. నేను షట్టర్ బయట నిలబడి తడిశాను. పెంటయ్య లోపల్నుంచి, సేటు మీకేమన్న అయిందా, లోపలికి రాండ్రి అంటున్నాడు. పక్క షాపు వాళ్ళు కూడా చూశారు. చూడనీ.

ఆగస్టు 12, మంగళవారం

మూడు రోజులు ఆగకుండా కొట్టింది. గోదాములో నేనూ వివేక్ బస్తాలు ఎత్తు మీదికి మార్చాం. ఇట్లాంటి వానలోనే కదా సేటు గద్దె దిగొద్దని బాపు అన్నది. ఇట్లాంటి వానలోనే దిగాలి. లేకపోతే వెళ్ళి లాభం లేదు.

సాయంత్రం తాళంచెవులు వివేక్ చేతిలో పెట్టాను. రేపు నువ్వు కూర్చో అన్నాను. వాడు నవ్వి, నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

ఇంటికొచ్చి శ్రీహితకు ఫోన్ చేశాను. వాళ్ళుండేది అత్తాపూర్‌లోనే. అమ్మమ్మ చెప్పింది అబద్ధం కాదు బిడ్డా, తాత చూడకుండా నవ్విండు, రేపు పోయి చూద్దాం, స్కూల్‌కు సెలవు పెట్టు అన్నాను. నాగమణి వంటింటి గుమ్మంలో నిలబడి వింది. ఫోన్ పెట్టగానే వచ్చింది. మూడు వారాల తర్వాత నా మొహం చూసి మాట్లాడింది. పిల్లనెందుకు పిలిచిండ్రు, ఆడ ఏం లేకపోతే ఏం జేస్తరు అని.

నేనే బిందె మోసుకెళ్ళి పైనుంచి పోస్తాను అన్నాను. నవ్వలేదు. కానీ పులిహోరకు చింతపండు నానబెట్టింది.

ఆగస్టు 13, బుధవారం. సాయంత్రం 7

ముందు నుంచి రాస్తాను. తొందరపడితే నాకే నమ్మబుద్ధి కాదు.

పొద్దున ఆరింటికి కారు. నేను, నాగమణి, శ్రీహిత. ఊళ్ళో కృష్ణయ్య ఎక్కాడు, చేతికర్రతో. చెక్‌పోస్ట్ దగ్గర కారు ఆపాం. కృష్ణయ్యదితో సహా ఫోన్లు మూడూ కారులోనే పెట్టేశాను. వాన ఒకటి, రెండోది వివేక్ పది నిమిషాలకోసారి చేస్తాడు. చేస్తే నేను ఎత్తుతాను. ఎత్తితే వెనక్కి పోదాం అంటాను. నా సంగతి నాకు తెలియదా?

ట్రెకింగ్ దారి బాగానే ఉంది. రాళ్ళ మీద పసుపు పెయింట్‌తో బాణాలు. వారం మధ్య కాబట్టి ఒక్క మనిషీ లేడు. టేకు ఆకుల మీంచి కారే చప్పుడు. ఎర్రమట్టి చెప్పులకు అంటుకుని ఒక్కో కాలు కిలో బరువు. శ్రీహిత పసుపు రెయిన్‌కోట్‌లో ముందు గెంతుతోంది. నాగమణి దాని వెనకే. చీర కుచ్చెళ్ళు ఎత్తి చెక్కుకుని, ఆ మనిషి నడక చూస్తే యాభై అయిదేళ్ళు అనరు. ఒకచోట బాణం ఎడమకు చూపిస్తుంటే, ఆగకుండా కుడికి తిరిగింది. ఆ దారికి పెయింట్ లేదు. దారే లేదు, గడ్డి. ఆమె కాళ్ళకు మాత్రం తెలుసు.

అడ్డంగా ఒక సన్నని వాగు వచ్చింది. చీలమండ లోతు. గాజులా ఉంది, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. కృష్ణయ్య చెప్పాడు, గీ నీళ్ళే బావా, కిందికి పోయి మూసీల కలుస్తయ్, మీ కిషన్‌బాగ్ మీదికెల్లే పోతయ్ అని. నేను నిలబడిపోయాను. మా ఇంటి వెనక కిటికీ మూసీ వైపు. వాసనకు భయపడి పెళ్ళయినప్పటి నుంచి తెరవలేదు. వంగి దోసిట్లో పట్టి తాగాను. చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంది.

ఇంకో అరగంట ఎక్కాక ఒక మలుపు. పెద్ద రాతిగుండు అడ్డంగా ఉంది. దాని అవతలే అట. అక్కడ నాగమణి హఠాత్తుగా రాయి మీద కూర్చుంది. మోకాళ్ళు నొస్తున్నయ్, మీరు ముందు పోయి సూసి రాండ్రి, పిల్ల నా కాడ ఉంటది అన్నది. ఇంత దూరం వచ్చి ఇదేంటి అన్నాను. పోండ్రి అన్నది. మొహం తిప్పుకుంది. కృష్ణయ్య కూడా కర్ర ఆనించి కూర్చున్నాడు.

ఒక్కణ్ణే వెళ్ళాను.

ముందు చప్పుడు వచ్చింది. నా చెవులకు అది గోదాములో బస్తా మూతి విప్పి మిర్చి కుప్ప పోస్తున్నట్టు వినిపించింది. బస్తా ఎంత పెద్దదైనా నిమిషంలో అయిపోతుంది. అయిపోతుందని ఆగాను. అవలేదు. ఇంకా పోస్తూనే ఉన్నారు ఎవరో.

గుండు దాటాను.

అబ్బ!

అమ్మా నాగమణీ, ఎంత మాట అన్నాను నిన్ను!

పెద్దదేం కాదు. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే అందే ఎత్తు. మా షాపు షట్టర్ అంత వెడల్పు. టూరిస్టులెవరూ దాని కోసం బస్సు మాట్లాడుకోరు. కానీ తెల్లగా, ఆ నల్లటి బండ మీంచి, ఎవరూ అడగకుండా, ఎవరి కోసమూ కాకుండా పడుతోంది. పడే చోట నీళ్ళు ఉడుకుతున్నట్టు లేస్తున్నాయి. ఆ తుంపర నా మొహానికి కొట్టింది. కళ్ళద్దాలు తీసేశాను. చుట్టూ రాళ్ళ మీద నాచు ఎంత పచ్చగా ఉందంటే, పచ్చ అనే రంగును ఇంతకుముందు నేను చూడలేదేమో అనిపించింది. మేకలు పడుకున్న చోటు నీళ్ళ కింద ఉంది. ఆ మే నెలలో నేను పూరీలు తింటూ నవ్విన చోటు కూడా.

దండం పెట్టుకున్నానని తర్వాత తెలిసింది, చేతులు కలిసి ఉన్నాయి కాబట్టి.

ఒక్కటే ఆలోచన వచ్చింది. ఇది ప్రతి ఏడూ పడింది. ముప్పై నాలుగు శ్రావణాలు. ఇక్కడ పడే వానే అక్కడ నా షాపు మీద పడుతుంటే, నేను టార్పాలిన్ గుంజుతూ ఆ వానను తిట్టాను. అదే గంటలో ఇది ఇక్కడ దుముకుతోంది. నేను నమ్మలేదని ఒక్క రోజు కూడా మానలేదు. బాపు కూడా చూడలేదు దీన్ని, తాత కూడా చూడలేదు. ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయో, మేం గద్దె మీద కూర్చుని అసలు లేనేలేవని చెప్పినవి.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మిర్చి గుర్తు రాలేదు. షాపు గుర్తు రాలేదు.

వెనక్కి వచ్చాను. నాగమణి అడగలేదు. తల దించుకుని శ్రీహిత రెయిన్‌కోట్ గుండీ పెడుతోంది, పెట్టిన గుండీనే మళ్ళీ. శ్రీహితే అడిగింది, ఉందా తాతా అని. తల ఊపాను. ఇంకా ఊపుతూనే ఉన్నాను, ఏడుస్తూ. అరవై ఏళ్ళ ముసలోడిని.

నాగమణి లేచింది. మోకాళ్ళ మీద చెయ్యి కూడా ఆనించలేదు. నా పక్క నుంచే, నన్ను చూడకుండా, పిల్ల చెయ్యి పట్టుకుని గుండు దాటింది.

నేను వెళ్ళేసరికి చెప్పులు విప్పేసి ఉంది. బండకు ఎడమ పక్క జానెడు వెడల్పు గట్టు ఉంది. నాకు అది కనపడనే లేదు. ఆమె దాని మీద, మా ఇంటి వసారాలో నడిచినట్టు, పిల్లను బండ గోడ వైపు పెట్టుకుని నడిచింది. నడిచి, నీళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. మనిషి లేదు. ఆకుపచ్చ చీర రంగు మాత్రం నీళ్ళలో కదులుతోంది. శ్రీహిత సంతోషంతో కేకలు పెడుతోంది.

నాగమణీ అని పిలిచాను. నా మాట నాకే వినపడలేదు. భయం వేసింది. అప్పుడు నీళ్ళలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. గాజులతో. రమ్మని ఊపింది.

వెళ్ళాను. గోడకు పొట్ట ఆనించి, రామ రామ అనుకుంటూ వెళ్ళాను. కృష్ణయ్య అవతల నుంచి, జారుతది బావా పైలం అని అరుస్తున్నాడు. లోపల నిజంగానే ముగ్గురు కూర్చునే చోటు ఉంది. పొడిగా ఉంది! ఇంత నీళ్ళ వెనక, మిర్చి ఆరబోసేంత పొడి. ముందు నీళ్ళు, నీళ్ళ అవతల అడవి వణుకుతోంది, వెలుతురు మా ముగ్గురి మొహాల మీద పాకుతోంది. శ్రీహిత నోరు తెరిచి అమ్మమ్మను చూస్తోంది. జలపాతాన్ని కాదు, అమ్మమ్మను.

తప్పయింది అన్నాను. ఆ హోరులో వినిపించిందో లేదో. నాగమణి కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.

ఆగస్టు 14, గురువారం

ఒక్క బస్తా కూడా తడవలేదు. వివేక్ నాకంటే గట్టిగా కట్టాడు టార్పాలిన్. మంచిది.

టీ తాగుతూ షాపులో జలపాతం సంగతి చెప్పాను. నీళ్ళ వెనక కూర్చున్నాం, పొడిగా ఉంది అన్నాను. పక్క షాపు సేటు, క్యా సేఠ్, భంగ్ పీకే ఆయే క్యా అన్నాడు, భంగు తాగి వచ్చావా అని. ఫొటో చూపించమన్నారు. ఫోన్లు కారులో ఉన్నాయి అన్నాను. అప్పుడు చూడాలి నవ్వులు. పెంటయ్య కూడా, నా ఉప్పు తిన్న పెంటయ్య, మొహం అటు తిప్పుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చూశానయ్యా, ఈ కళ్ళతో చూశాను అని అరిచాను. ఇంకా నవ్వారు.

ఇంటికొచ్చి అన్నం వద్దన్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

శ్రీహిత ఫోన్. నాతో కాదట, అమ్మమ్మతో. గంట సేపు మాట్లాడుకున్నారు. ఊరి ముచ్చట్లే.

ఆగస్టు 17, ఆదివారం

నవ్వులు ఇంకా ఆగలేదు. మూడు రోజులకే నాకు షాపుకు పోబుద్ధి కావడం లేదు. నాగమణిని అడిగాను, ముప్పై నాలుగేళ్ళు ఎట్లా ఓర్చుకున్నావు అని.

బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. ఓర్చుకున్నదేంది, మీరు అనంగ అనంగ నేను గూడ నమ్ముడు బంద్ జేసిన, చిన్నప్పుడు కలగన్ననో ఏందో అనుకున్న, ఆ మలుపు కాడ నాకు మోకాళ్ళ నొప్పి ఏం లేకుండె అన్నది.